కాఫీ పొంగేలోపు

జోర్డాన్‌లోని అమ్మాన్‌లో పెద్దమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చనిపోయిన పెదనాన్న ల్యాప్‌టాప్‌ను చూస్తున్నాడు ఆమె చెల్లెలి కొడుకు.

“ఆన్ చేయగానే వైఫై దొరకట్లేదు. ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారు పెద్దమ్మా?”

“మీ పెదనాన్న దాన్ని పూర్తిగా ఆపేసి, కాఫీ పెట్టమనేవాడు. ఇద్దరం తాగాక ఆన్ చేస్తే వచ్చేది. కాఫీలో ఏలకులు ఎక్కువేస్తే ఇంకా తొందరగా వస్తుందనేవాడు, ముసలి దొంగ!”

“ఇప్పుడూ అలాగే చేయొచ్చుగా?”

“ఒక్కదాని కోసం కాఫీ ఎవరు కాస్తారు? అందుకే నిన్ను పిలిచాను.”

“మామూలుగా ఆపితే ఇది, మళ్లీ తొందరగా లేవాలని, సగం నిద్రలోనే ఉంటోంది. లేచాక వైఫైని మరిచిపోతోంది. ఆ సెట్టింగ్ తీసేశాను. ఇదిగో, వచ్చేసింది!”

“ఇంతేనా? మీ పెదనాన్నకు తెలిస్తే బాగుండేది.”

అతను తల దించుకున్నాడు.

“ఆయనకు తెలుసు పెద్దమ్మా. ఎప్పుడో చెప్పాను. ‘ముట్టుకోకు, వైఫై వచ్చిందంటే మీ పెద్దమ్మ లేచి పనిలో పడిపోతుంది’ అన్నాడు.”

ఆమె లేచి పొయ్యి వెలిగించింది.

“మళ్లీ పాతలాగే పెట్టేయ్.”

“మరి వైఫై రాదు కదా!”

“కాఫీ తాగాక వస్తుందిలే. కూర్చో.”

ఏలకులు కాస్త ఎక్కువే వేసింది.