ఆనంద్ పాల్ సీటు

హలో… ఆ, నేనే. వట్లూరు నుంచి మీ బావ వీరాస్వామిని. ఇంత సేపటికి తీరిక చిక్కిందన్నమాట.

…కుశలప్రశ్నలు తరవాత, బెంజమిన్. గూడెంలో కరెంటు ఉందా?… అయితే నీ నెట్ సెంటర్లో ఏ కంప్యూటరు ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చో.

…చెబుతాను. ముందు ఒక ప్రశ్న. సింగపూరుకు నువ్వు రెండు టిక్కెట్లు తీశావు. ఎవరెవరికి?

…‘మీ ఇద్దరికీ’ అనేది జవాబు కాదు. పేర్లు చెప్పు. నువ్వు కొట్టిన పేర్లు.

…ఆ. ఎలిజబెత్. ఆనంద్ పాల్. ఇప్పుడు నా చేతిలో రెండు పాస్‌పోర్టులున్నాయి, నేను చదువుతాను, విను. సీతారత్నం. వీరాస్వామి.

…‘అయ్యో’ అనకు. అయ్యో అనవలసినవాళ్ళం మేము. రేపు రాత్రి మద్రాసులో విమానం. ఈ సాయంత్రం సర్కారు ఎక్స్‌ప్రెస్‌కి మేము ఏలూరులో ఎక్కాలి. నేను ఈ టిక్కెట్ల కాగితం చూసింది ఇప్పుడు.

…ఇప్పుడే ఎందుకంటే, ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు మీ అక్క చేతిలో పెట్టావు. ఆవిడ బైబిల్లో దాచుకుంది. ఆ పుస్తకం నేను తెరవనని సంఘ పెద్దవు నీకు తెలియదా?

…మనిషి అదే మనిషి, నిజమే. ఇది పెంటపాడు వెళ్ళే ఆటో కాదు బెంజమిన్, మొహం చూసి ఎక్కించుకోడానికి. మన ఇళ్ళలో ప్రతివాళ్ళకీ బాప్తిస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్ల పేరు ఒకటి ఉంటాయని గూడెంలో అందరికీ తెలుసు. విమానం కౌంటర్లో కూర్చున్నవాడికి తెలియదు.

…చేశాను. మద్రాసులో వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అక్షరం తప్పితే దిద్దుతారట, పేరంతా మారితే దిద్దరట. ఇద్దరూ ఒకటేనని రుజువేమిటి అని అడిగింది… ఏమంటాను? జీవితమంతా ఎదుటివాళ్ళని రుజువులు అడిగినవాణ్ణి, నన్ను అడిగితే తప్పంటానా?

…ఇవ్వలేదు. అవును, పాస్‌పోర్టు జిరాక్సులు అడిగావు, ఇవ్వనన్నాను. పదిమంది వాడే కంప్యూటరులో మా పాస్‌పోర్టులు ఉండడం నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ అదే అంటాను. కానీ పేరు అడగడానికి జిరాక్సు దేనికి? ఫోనుంది కదా, నోరుంది కదా.

…మరిచిపోయావా? సొంత అక్క బళ్ళో ఏ పేరుతో చదివిందో మరిచిపోయావు, సరే, ఒప్పుకుంటాను. నా పేరు కూడా మరిచిపోయావా? కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ వీరాస్వామిని. ఫిజిక్సులో నీకు మార్కులు వేసిన వీరాస్వామిని. నువ్వు మాత్రం ఇప్పటికీ ప్రార్థనలో ‘మా బావ ఆనంద్ పాల్‌ని తిరిగి మందలో చేర్చు ప్రభువా’ అంటావు. ఆ అలవాటే వేళ్ళలోకి వచ్చింది.

…పగ అనలేదు. అలవాటన్నాను. రెండింటికీ తేడా తెలిసే అన్నాను.

సీతా, ఆ పెట్టె సర్దడం ఆపకు. వెళ్తావు… ఏదో ఒకటి చేస్తాడు, నీ తమ్ముడే కదా.

…విన్నావా? ఆవిడ మంచం మీద కూలబడిపోయింది. ఎల్లుండి పొద్దున సింగపూరులో క్యాథరిన్ గారికి గుండె ఆపరేషను. మత్తు ఇచ్చేలోగా చెల్లెల్ని చూడాలని మీ పెద్దక్క అంటున్నారట. ఆ మాట జ్యోత్స్న చెప్పింది. ఆ పిల్ల అదే ఆసుపత్రిలో నర్సు. తల్లి విషయంలో ఊరికే భయపెట్టదు.

…తరవాతి చవక విమానమా? అది ఆపరేషను అయిపోయాక. పెద్ద కంపెనీలు మన వల్ల కాదనే గదా నీ దగ్గరికి వచ్చాం. ‘ఆసియా అంతటా చవక విమానాలు’ అని అంతంత అక్షరాలతో బోర్డు కట్టావు. చవకెలా అయిందో ఎవరికైనా చెప్పావా? తిండి పెట్టరు, డబ్బు తిరిగివ్వరు, పేరు మార్చరు. అందుకే చవక.

…ప్రార్థన చెయ్యి, వద్దనను. రైలెక్కాక చేసుకో. ముందు ఆ రేపటి విమానం తెరిచి చూడు, సీట్లేమైనా ఉన్నాయేమో.

…

…ఒకటా? సరిగ్గా చూడు.

…ఒకటే. మిగతావన్నీ నిండాయి. అందులో రెండు ఎవరివో గ్రహించావా? ఆనంద్ పాల్, ఎలిజబెత్. లేని మనుషులు ఇద్దరు సీట్లు పట్టుకుని కూర్చున్నారు, ఉన్నవాళ్ళకి చోటు లేదు. కనబడనివాళ్ళని నమ్మడం నీకు అలవాటే. ఆ కంప్యూటరుకి కూడా నేర్పావు.

…రేటు నాకు చదవకు. తియ్యి.

…ఎవరి పేరేమిటి? మీ అక్క పేరు. సీతారత్నం అని కొట్టు.

…తెలుసు, నీకు ఆ పేరు గిట్టదు. మా అక్క పేరు మార్చేశాడు అని గూడెమంతా చెప్పావు. మార్చింది నేను కాదు, మీ నాన్న. బళ్ళో వేసినప్పుడు ఆయనే రాయించారు. నేను దాంతో పిలిచాను, అంతే. ఈ పోట్లాట తరవాత. కొట్టు.

…ఒక్కర్తీ వెళ్ళగలదా అంటే? పిల్లల్ని పడవెక్కించి కొల్లేరు లంకలకి పక్షుల్ని చూపించడానికి తీసుకెళ్ళిన టీచరు. మద్రాసు దాకా నేనుంటాను. సింగపూరులో దిగగానే జ్యోత్స్న వచ్చి తీసుకెళ్తుంది. మధ్యలో ఆకాశమే కదా, దారి తప్పడానికి సందులు లేవు.

…ఇంకా తిరుగుతోందా?… కదలకు. దేన్నీ నొక్కకు…

…వచ్చిందా? చదువు. పాస్‌పోర్టు ముందు పెట్టుకున్నాను, ఒక్కొక్క అక్షరమే చదువు… ఊఁ… ఊఁ… సీతారత్నం. సరిపోయింది.

సీతా, వచ్చింది. లే, మొహం కడుక్కో.

…ఆ కాగితం తీసుకుని సర్కారు గూడెంలో ఆగినప్పుడు నువ్వే ఎక్కు. ఏలూరులో మా చేతికిచ్చి దిగు. ఇంకెవరి చేతికైనా ఇచ్చి పంపానన్నావో, ఆ బోర్డు నేనే వచ్చి దింపుతాను.

…క్షమించడం నా శాఖ కాదు. అది మీ వాళ్ళది.

…ఇంకేమిటి?

…అడుగుతారు, నాకూ తెలుసు. ‘ఆనంద్ రాలేదేం’ అనే అడుగుతారు. క్యాథరిన్ గారు ఆ పేరుతో పిలిస్తే పలికేవాణ్ణి. ఆవిడకొక్కరికే. నీకు ఆ చనువు నేనివ్వలేదు.

…ఏం చెప్పాలా? సీతని ఉన్నదే చెప్పమందాం. ఆనంద్ పాల్‌కి టిక్కెట్టు ఉందని, రాలేకపోయింది వీరాస్వామి అని.

…ఇంక చాలు. రైలుకి టైమవుతోంది. పెట్టెయ్.