మొహం చూడు, మాస్టరా!

వెంగమ్మని ఉండాది, నిమ్మతోటల్లో కాయ కోసే మనిషి. ఆమెకి ఒకే కాన్పులో ఇద్దరాడబిడ్డలంట, పెంచల, కామాక్షి. ఇద్దరూ అచ్చు ఒకటే అనుకో. బళ్ళో ఇంగ్లీషు మాస్టరుండాడే, ఆయనకొకటే పిచ్చి. పోలికుండే ఇంగ్లీషు మాటలు రెండు తెచ్చి, తేడా ఏందో చెప్పండి అనడం, తప్పితే బెత్తం తియ్యడం. కామాక్షి గట్టిపిల్ల. చికెన్, కిచెన్ అని రెండిస్తే, చట్టికీ చ, చికెన్‌కీ చ, కాబట్టి చట్టిలో ఉడికేది చికెన్, అది వండే గది కిచెన్, అని తనకి తనే గుర్తు పెట్టుకుందంట. మండలంలో ఇంగ్లీషు మాటల పోటీ ఉంటే, దానికి పోవాలని ఒకటే ఆశ ఆ పిల్లకి. పెంచలకి అయ్యేమీ పట్టవు. ఆదివారం కిచెన్ తిన్నాను సార్ అనేసింది. మాస్టరు బెత్తం ఎత్తేలోపల ఇంటిగంట కొట్టేశారు, పిల్లోళ్ళంతా పరిగెత్తారు.

ఏమైందంటే, మర్నాడు మాస్టరు, కిచెన్ తినింది నువ్వేగా అని కామాక్షి చెయ్యి పట్టుకుని వాయించాడంట. నేను కాదు సార్, మా యక్క సార్ అంటే, అబద్ధం కూడానా అని ఇంకా వాయించాడంట. పోటీకి నువ్వొద్దు, మీ యక్కే పోతది అని కామాక్షి పేరు కొట్టేసి పెంచల పేరు రాశాడు. ఏందే, నేను చెప్తా ఉంటే నవ్వతా ఉండావ్, నీ బిడ్డకైతే నవ్వుతావా? వెంగమ్మ ఆ వాచిన చెయ్యి చూసింది. కోసిన కాయలు కోసినట్టే వదిలేసి బడికొచ్చింది. ఏమయ్యా, మాటలకి తేడా తెలీలేదని బిడ్డల్ని కొడతావే, నా బిడ్డలకి తేడా నీకు తెలీలా, నిన్నెవరు కొట్టాల? అనింది. మాస్టరు బెత్తం వెనక దాచుకుని, తప్పే తల్లీ, ఒకదానికి ఎర్ర రిబ్బను కట్టి పంపు, గుర్తుంటది అన్నాడంట. వెంగమ్మకి ఒళ్ళు మండిపోయింది. రిబ్బనెందుకయ్యా? నా బిడ్డలేమన్నా సంతలో మేకలా, రంగు పూసేదానికి? ఏడాదిగా నీ ఎదురుగానే కూర్చోనుండారు, మొహం చూడు! అని ఇద్దర్నీ ఆయన ముందర నిలబెట్టింది. అప్పుడు చూశాడంట. చానాసేపు చూశాడంట. పెంచల ఊరికే నవ్వేస్తా ఉంది, కామాక్షి కింద పెదవి కొరుక్కుంటా ఉంది. ఇది కామాక్షి అన్నాడు. పోటీకి మళ్ళా దాని పేరే పంపించాడు.

పోయింది కామాక్షి. వాచిన చేత్తోనే రాసి రెండో బహుమతి తెచ్చింది. మీరంతా సంతోషపడతా ఉండారు గానీ, నాకు మాత్రం కోపం పోలా. ఆ చూసేదేదో బెత్తం తియ్యకముందే చూసుంటే, ఆ పసిబిడ్డ చెయ్యి వాచేది కాదు గదా?