కనబడే మిషన్

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో చెవుల డాక్టరు గది బయట మ్యూరియెల్, తమ్ముడు క్లైవ్ బెంచీ మీద కూర్చున్నారు.

"వినికిడి మిషన్ ప్రైవేటులో కొనుక్కోరా. చెవిలోపల ఇమిడిపోతుంది, ఎవరికీ కనబడదు."

"ప్రభుత్వం వాళ్లు ఉచితంగా ఇస్తుంటే కొనడమెందుకక్కా?"

"వాళ్లది చెవి వెనక వేలాడుతుంది. మీ బ్యాండు వాళ్లు నవ్వరూ?"

"ఇప్పుడు మాత్రం నవ్వట్లేదా? మొన్న కచేరీలో అందరూ ఆపేశాక కూడా నేనొక్కణ్ణే బాకా ఊదుతున్నానట."

"ఎవరూ ఆపమనలేదా?"

"అరిచారట. నాకు వినబడితేగా!"

మ్యూరియెల్ పగలబడి నవ్వింది.

"నవ్వితే ఫరవాలేదక్కా. పలకరిస్తే పలకనని, నాకు పొగరనుకుని మాట్లాడటమే మానేశారు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"అందుకే కనబడేదే కావాలి. చూసినవాళ్లు కాస్త గట్టిగా మాట్లాడతారు."

"అయితే ఎర్రది అడగరా. వీధి చివరి నుంచి కూడా కనబడాలి."