యూసాకు ఎర్రగీత

కాదు మరి, మీరే చెప్పండి గురువుగారూ. సముద్రంలో ముంచేసిన ఇనప ముద్దని ఎవరైనా మళ్లీ పైకి లాగుతారా? లాగారండీ. తుప్పు గీకారు, రంగులేశారు, వీపుకి రెక్కలు కూడా తగిలించారు. మన గొర్వాన్‌కి రెక్కలు! కొండంత మరమనిషి, అడుగేస్తే వంతెనలు కూలిపోయేవి, దానికిప్పుడు పిచ్చుకలాగా రెక్కలు!

ఉండండి, ముందీ దుప్పటి సర్దనివ్వండి. ఈ నర్సమ్మాయి మంచిదే గానీ, మీ ఎడంచెయ్యి ఎప్పుడూ లోపలికి తోసేస్తుంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషికి మిగిలింది ఆ చెయ్యే కదా, దాన్ని కూడా కప్పెడితే ఎలాగ? ఆఁ, ఇలా పైన పెట్టుకోండి. ఔనంటే వేలెత్తండి, కాదంటే ఊరుకోండి. ఊరుకోవడం మీకీ జన్మలో చేతకాలేదనుకోండి, ఇప్పుడైనా నేర్చుకుందురు గాని.

యోకాన్ మిఠాయి తెచ్చాను, మీకిష్టమని. బస్సు దిగాక గుర్తొచ్చింది, మీకిప్పుడు నమిలేవేవీ పెట్టరని. ఏం చేస్తాను, మీ ఎదురుగా కూర్చుని నేనే తింటాను. దిష్టి పెట్టకండి.

మీ అమ్మాయి చెప్పొద్దనే అంది. "నాన్న తట్టుకోలేరు మిట్సుయో గారూ, మీరు మాత్రం నోరు జారకండి" అంది. బాగానే ఉంది! ఆదివారం సాయంత్రం ఈ హాల్లో అందర్నీ చక్రాల కుర్చీల్లో వరసగా పెట్టి టీవీ వేస్తారు కదా, అప్పుడు హఠాత్తుగా కళ్లబడితే తట్టుకుంటారా? అందుకే నేనే వచ్చాను. చెప్పేస్తున్నాను, వినండి. మన గొర్వాన్ బొమ్మల సీరియల్‌కి రెండో భాగం తీశారు. ఈ ఆదివారమే మొదలు.

అదుగో, కళ్లు కిటికీ వైపు తిప్పేసుకున్నారు.

తిప్పుకోండి, తప్పులేదు. నాకు చెప్పినప్పుడు నేనూ అంతే. ఫోను పెట్టేసి, పొయ్యి మీద పులుసు మాడిపోతున్నా లేవలేదు.

గొర్వాన్‌ని నడిపే ఆ పిల్లాడు, యూసాకు, నావాడండీ. బొమ్మ గీసింది ఎవరో, కథ చెప్పింది మీరు, ఊపిరి మాత్రం నాది. పద్నాలుగేళ్ల మగపిల్లాడికి ఆడదాని గొంతేమిటని మా అత్తగారు ఎంత నవ్వేదో! మీరే కదా ఆవిడకి ఫోను చేసి చెప్పారు, మగపిల్లాణ్ణి పెడితే ఏడాది తిరక్కుండా గొంతు బొంగురుపోతుంది, సగం కథలో యూసాకుకి మీసాలొచ్చేస్తాయి అని. దాంతో ఆవిడ నోరు కట్టేసుకుంది. వారం వారం వాడు ఆ గొర్వాన్ కడుపులో కూర్చుని అరిచిన అరుపులన్నీ ఈ గొంతులోంచి వచ్చినవే. ఇంటికెళ్తే ముద్ద దిగేది కాదు నాకు.

మరి ఆఖరి భాగం? ఆటబొమ్మలు అమ్మే కంపెనీవాళ్లు వచ్చి మీ మీద ఎన్ని గంతులేశారు! గొర్వాన్ కంటే పెద్దది ఇంకోటి రావాలి, కొమ్ములుండాలి, కొత్త సంవత్సరానికి కొట్లలో పెట్టుకోవాలి అన్నారు. మీరు గంగిరెద్దులాగా తలూపారు. వాళ్లటు వెళ్లగానే యూసాకు చేత గొర్వాన్‌ని సముద్రంలోకి నడిపించేశారు.

నీళ్లు దాని మెడదాకా వచ్చాక వాడు తలుపు తోసుకుని బయటికొచ్చాడు. ఈదుకుంటూ ఒడ్డెక్కాడు, వట్టికాళ్లతో ఇంటికి నడిచాడు, గుమ్మంలో నించుని, "అమ్మా, వచ్చేశాను" అన్నాడు. లోపల్నించి జవాబు లేదు. ఇల్లే లేదు కదా, బాంబులకి పోయింది, ఆ గుమ్మం ఒక్కటే మిగిలింది. అయినా వాడు పాదాలు తుడుచుకునే లోపలికి అడుగుపెట్టాడు. 

ఆవేళ మీరు బాగా తాగారు. మీ అన్నగారి సంగతి చెప్పారు. ఆయన సైన్యంలోకి వెళ్తుంటే స్టేషన్లో కాగితం జెండా పట్టుకుని ఊపారట మీరు, తొమ్మిదేళ్లవాళ్లు. రైలు కదిలింది, మనిషి మళ్లీ రాలేదు, అస్థికలంటూ చిన్న పెట్టె వచ్చింది, అందులో రాయి తప్ప ఏమీ లేదు. "ఒక్కణ్ణైనా దింపాను మిట్సుయో. వీణ్ణి మళ్లీ ఎవరూ ఎక్కించకుండా చూడు" అన్నారు. తాగి అన్నమాటే, కానీ నేను తాగినమాట అనుకోలేదు. వాడు దిగినవాడు, వాడింక దిగినవాడే అని నలభై ఏళ్లు ధైర్యంగా బతికాను.

ఇప్పుడు కథేమిటంటారా? వేలెత్తారుగా, చెప్తాను. నన్ను తిట్టకండి మరి.

యూసాకు పెద్దవాడయ్యాడు. కణతల దగ్గర నెరిసింది. శత్రువులు మళ్లీ వచ్చారట. ఎవరా శత్రువులు అంటే ఏమో, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కదా. గొర్వాన్‌తో పాటు వచ్చిన కొత్త యంత్రాలు పిల్లల మాటే వింటాయట, పెద్దవాళ్లు ఎక్కితే కదలవట. అందుకని బడిలోంచి పిల్లల్ని తెచ్చి వరసగా నించోబెడతారు. వాళ్లని పంపేది ఎవరు? మన యూసాకు. యూనిఫారం వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, "వెళ్లండి. వెనక్కి చూడకండి" అంటాడు.

ఆ చెయ్యి అలా పిడికిలి బిగించకండి, నరం పట్టేస్తుంది.

కురియామా అని, వాడే డైరెక్టరు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకుందును. మంచివాడండీ, అక్కడే వచ్చింది చిక్కు. చిన్నప్పుడు టీవీకి ముక్కు ఆనించి మన గొర్వాన్ చూసి పెరిగినవాడు. నన్ను చూడగానే నడుం సగానికి విరిగేలా వంగి దణ్ణం పెట్టాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంక ఎలా తిట్టను?

నన్ను పిలిచింది ఒక్క మాట కోసం. పెద్ద యూసాకుకి పాత రోజులు గుర్తొస్తాయి, అప్పుడు ఆ పిల్లాడి గొంతు వినపడాలి, "అమ్మా, వచ్చేశాను" అని. నేను గట్టిగానే అడిగాను. "ఆ పిల్లల్ని పంపే మాట తీసెయ్యి నాయనా, అప్పుడు నా మాట చెప్తాను. వాడు దిగినవాడు. దిగినవాడి చేత ఇంకొకర్ని ఎక్కించకు" అన్నాను.

ఏమన్నాడో తెలుసా? "యూసాకు దిగిపోయాడన్న ధైర్యంతోనే నేను పెద్దవాణ్ణయ్యానండీ. కానీ దిగిపోయి ఇంట్లో కూర్చున్నవాడి కథ ఎవరు చూస్తారు, మిట్సుయో గారూ? నేనైనా చూడను" అన్నాడు. అని, బతిమాలుతున్నట్టు బల్లకి నుదురు ఆనించాడు.

సంచీ భుజానికి తగిలించుకున్నాను.  

లేచి వచ్చేద్దునే. కానీ నేను కాదంటే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందట. నిన్నమొన్న పుట్టిన పిల్ల నా యూసాకు గొంతుతో అమ్మా అంటుందా? ఒళ్లు మండింది. సరే చెప్తానన్నాను.

రికార్డింగుకి మెత్తటి నూలు చొక్కా వేసుకెళ్లాను, పాత అలవాటు కదా, గుడ్డ గరగరమంటే మైకు పట్టేస్తుంది. పొట్ట గుర్రుమనకుండా ముందే ఒక అన్నం ముద్ద తిన్నాను. ఇప్పటి పిల్లలూ అలాగే చేస్తున్నారు, అది ఒక్కటీ మారలేదు. ఇంకొకటి కూడా మారలేదండోయ్. ఇప్పుడంతా తెర మీద పాత్రల పేర్లు రాసి చూపిస్తున్నారట గానీ, కురియామా మీ మీద భక్తితో మీ పద్ధతే పెట్టాడు. బొమ్మలు ఇంకా పూర్తవలేదు, పెన్సిలు గీతలే. ఎవరు మాట్లాడాలో వాళ్ల రంగు గీత తెర మీద పడుతుంది. గీత ఉన్నంతసేపు మాట, గీత పోతే నోరు మూసుకోవడం.

యూసాకుది ఎరుపు. అప్పుడూ ఎరుపే, ఇప్పుడూ ఎరుపే. అయితే ఇప్పుడా ఎరుపు పెద్ద యూసాకుది, అంటే వాడికి గొంతిచ్చే సెనో అనే నటుడిది. నాకు నీలం ఇచ్చారు.

నీలం గీత పడింది. "అమ్మా, వచ్చేశాను" అన్నాను. తప్పేమీ పోలేదు, అందరూ తలలూపారు. కానీ నాకు తెలుసు గురువుగారూ, వాడు రాలేదు. ఒక ముసలావిడ పిల్లాడిలాగా మాట్లాడింది, అంతే. ఈ మధ్య ఇంట్లో అద్దం ముందు నించుని ఎన్నిసార్లు పిలిచినా వాడు రావట్లేదు. నలభై ఏళ్లలో గొంతు ముదిరిపోయింది, ఇంక వాడు చచ్చిపోయాడనే అనుకున్నాను.

చప్పుడు కాకుండా వెనక్కి తప్పుకుని సెనోకి మైకు ఇవ్వాలి. కాగితం పట్టుకుని ఒక అడుగు వెనక్కి వెయ్యబోతున్నాను, తెర మీద పిల్లలు వచ్చారు. పెన్సిలు గీతల పిల్లలు, మొహాలు కూడా సరిగ్గా గీయలేదు. తలలెత్తి ఎవరి వైపో చూస్తున్నారు. ఎర్రగీత పడింది.

నోరు దానంతటదే తెరుచుకుంది.

ఎర్రగీత పడితే మాట్లాడమని మీరే కదండీ నేర్పారు! కాగితం చూడకు, గీత చూడు, పడగానే ఊపిరి వదులు అని, ఎన్నిసార్లు కసిరారు నన్ను! ఒళ్లంతా నూరిపోశారు. నా బుద్ధి ఎక్కడుందో గానీ, గొంతు వెళ్లిపోయింది. "వెళ్లండి. వెనక్కి చూడకండి."

అచ్చం వాడే. అరుపు కాదు, ఆజ్ఞా కాదు. సాయంత్రం వీధిలో తోటిపిల్లల్ని ఆటకి కేకేస్తాడే, అలాగ. అమ్మని పిలవమంటే రానివాడు, పిల్లల్ని చావుకి పంపమంటే ఉరుక్కుంటూ వచ్చాడు.

 సెనో నోరు తెరిచి అలాగే నించున్నాడు. తప్పయింది, క్షమించండి అందామనుకున్నాను, రికార్డింగు గది అద్దం అవతల కురియామా లేచి నించున్నాడు. ఏడుస్తున్నాడు. పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "ఇదేనండీ! నెరిసిన మనిషి నోరు కదులుతుంది, గొంతు మాత్రం ఆ పిల్లాడిది. వాడు అసలు దిగనే లేదు! మనమే దిగాడనుకున్నాం!" అన్నాడు. సెనో కూడా పెద్దమనిషి, కాగితం మడిచి, "ఈ మాట మీదేనమ్మా" అని వంగి నమస్కారం పెట్టాడు. ఇంకప్పటి నుంచి పిల్లల్ని పంపినప్పుడల్లా ఆ మాట నా గొంతుతోనే. ఆదివారం వస్తుంది, మీరే వింటారు.

వద్దన్నావా అని అడుగుతున్నారు కదూ ఆ కళ్లతో?

అనలేదండీ.

అనలేదు. చెప్పేస్తున్నాను, మీ దగ్గర దాచి ఎక్కడికి పోతాను. నాకు సంతోషమేసింది. అక్కడే, ఆ మైకు ముందే, ఎంత పొంగిపోయానో! వాడు బతికే ఉన్నాడు, నా గొంతులోనే ఉన్నాడు అని. ఆ పిల్లలు ఏమవుతారో ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు. బస్సులో ఇంటికెళ్తూ అద్దంలోకి చూసి పెదాలు కదిపాను, వెళ్లండి, వెనక్కి చూడకండి అని, పైకి వినపడకుండా. పక్కనున్న ఆవిడ వింతగా చూసి కొంచెం జరిగి కూర్చుంది. ఎవరూ ఎక్కించకుండా చూడమన్నారు మీరు. నేనే ఎక్కించాను. నవ్వుతూ ఎక్కించాను.

తిట్టండి. తిట్టే నోరు లేదు, చెయ్యైనా విసరండి.

ఏమిటి? ఏం కావాలి? నీళ్లా? కాదా. నర్సుని పిలవనా? వేలు నా గొంతు వైపు చూపిస్తున్నారేమిటి?

ఆ మాట అనమంటారా, ఇక్కడా? ఇప్పుడా? అయ్యో, ఆ పక్క కుర్చీలో పెద్దావిడ నిద్రపోతోందండీ, వింటే ఏమనుకుంటుంది? సరే, సరేలెండి, ఆ వేలు దించండి. మెల్లిగా అంటాను.

"వెళ్లండి. వెనక్కి చూడకండి."

గురువుగారూ?

నవ్వుతున్నారా? ఏడుపనుకున్నాను, కాదు, నవ్వే. పడిపోయిన సగం మొహం కూడా కదులుతోంది. ఏణ్ణర్థం అయింది మీ అమ్మాయి ఈ నవ్వు చూడక. మనవణ్ణి తెచ్చి ఒళ్లో పెట్టినా నవ్వలేదు కదా మీరు! దీనికా నవ్వుతారు? మీరు కూడానా?

ఛ. ఎవర్ని అని ఏం లాభం. ఆ బొమ్మల కంపెనీవాళ్లని ఎంత తిట్టుకున్నాం మనం, పాపం.

మళ్లీ వేలెత్తారు. ఇంకోసారా?

సరే. ఉండండి, గొంతు సవరించుకోనివ్వండి.