పదును ఆరకముందు

కోసిగిలో శెట్టి మిద్దె ఎక్కిన జనమంతా, పొద్దుగుంకాక రష్యావాళ్లు ఆకాశంలోకి వదిలిన రాకెట్టు చుక్కలా మెరుస్తూ సాగిపోవడం చూసి దిగిపోయారు. పది రోజుల కిందట ఎద్దులను శెట్టికి అమ్ముకున్న రైతు ఒక్కడే మిగిలాడు.

"చూసినావు కదప్పా, ఇంకేముండాది?" అన్నాడు శెట్టి.

"రాకెట్టు మబ్బుల్ని చెదరగొట్టింది, ఈ ఏడు వాన రాదని చెప్పి నా ఎద్దుల్ని కొంటివి. మొన్న కురిసె."

"ఊరంతా అనేదే నేనూ అంటి. నమ్మింది నువ్వు."

"నువ్వు నమ్మింటే ఎద్దుల్ని ఎందుకు కొంటివి?"

శెట్టి పంచె దులుపుకున్నాడు.

"రేపొక్క దినం వాటిని ఇయ్యి శెట్టీ. రెండెకరాల్లో జొన్న విత్తుకుంటా. నేల్లో వాన పదును ఆరిపోతాండాది."

"నా చేనూ ఆరిపోతాండాది. అవి నా జీతగాని మాట వినవు, కాడి కట్టంగానే పండుకుంటాండాయి. నువ్వొచ్చి తోలు. నాది అయినాక నీది."

"నీది పదెకరాలు. అంతదాకా నా చేన్లో పదునుంటాదా?"

"రష్యావాళ్లనడుగు."

రైతు మెట్ల దాకా పోయి ఆగాడు.

"పండుకుంటే నీ జీతగాడు కొడతాండాడా?"

"కొట్టకుంటే లేస్తాయా?"

"తెల్లారకముందే వస్తా. నేనొచ్చేదాకా వాటిని ముట్టుకోవద్దని చెప్పు."