ఆయన మొహం, అమెరికావాడి గొంతు

నవ్వారండీ! మీ పదమూడో ఏటి తద్దినం నాడు, మీ ఫొటో ముందే కూర్చుని, మీ వాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. మంత్రాలు చదివి వెళ్ళిన బుద్ధుడి గుడి భిక్షువుగారి టీకప్పు ఇంకా చల్లారనైనా లేదు!

ఏం, అలా చూస్తారేం? నేను నవ్వలేదు లెండి.

అంతా మీ ముద్దుల కూతురు మిత్సుయె నిర్వాకం. "అమ్మా, నాన్న సినిమా దొరికిందే! అమెరికా నుంచి వీడియో టేపు తెప్పించా" అంది. నాకెంత సంబరమో! ఇన్నేళ్ళకి మీ గొంతు వింటాననుకున్నా. మీరు పోయాక ఈ ఇంట్లో మీ గొంతెక్కడుంది చెప్పండి? ఫొటో మాట్లాడుతుందా?

బతుకంతా టోక్యో స్టూడియోలో మీరు వేసినవి పారిపోయే వేషాలే కదా. రాక్షస జంతువు వస్తే మూట భుజాన వేసుకుని పరిగెత్తడం, దాని కాలికింద పడి చావడం. నోరు తెరిచి మాట్లాడింది ఆ ఒక్క సినిమాలోనే. జాలరి వేషం. అధికారుల ముందు నిలబడి, నడిసముద్రంలో పడవ మీద తెల్లటి బూడిద కురిసిందనీ, అదేంటో అని నాలిక మీద వేసుకున్న మనిషి జుట్టంతా ఊడి చచ్చిపోయాడనీ చెప్పాలి.

అది వేషమా? చేపల వేటకెళ్ళి, సముద్రంలో పేల్చిన అణుబాంబు బూడిద మీద పడి పోయిన మీ అన్నయ్య చావు కాదూ? డైరెక్టరు రాసిచ్చిన మాటలు పక్కన పెట్టి, మన యైజు రేవు యాసలో మీరే చెప్పుకొచ్చారు. సినిమా హాల్లో మీ వదిన ఏడుపు ఆపడం నా తరం కాలేదు.

సరే, టేపు పెట్టింది. మొదట్నుంచీ తెల్లదొర ఒకడు! టోపీ, సిగరెట్టూ. ఎవడండీ వీడు? మన సినిమాలో లేడే! అమెరికావాళ్ళు తర్వాత అతికించుకున్నారట. ఆ జంతువు టోక్యోని తగలబెడుతుంటే కిటికీలోంచి చూస్తూ వాళ్ళ పేపరుకి ఫోన్లు చేస్తుంటాడు. మన ఊరు కాలినా, చూసి చెప్పడానికి వాళ్ళ మనిషే కావాలి కాబోలు!

తర్వాత మీరొచ్చారు. మొహం మీద ఒక్క ముడత లేదు. టీవీ దగ్గరికి జరిగి కూర్చున్నా. నోరు తెరిచారు... లోపల్నించి ఇంగ్లీషు! అదీ బొంగురు గొంతు. మీ నోరు మూతపడ్డాక కూడా అది మాట్లాడుతూనే ఉంది. ఇంక చూస్కోండి, ఇల్లంతా నవ్వులే. "అబ్బో, అన్నయ్యకి ఇంగ్లీషు ఇంత బాగా వచ్చా!" అని మీ తమ్ముడు.

"నాన్న ఏమంటున్నారే?" అని మిత్సుయెని అడిగా.

"'చాలా పెద్ద జంతువు, మీ ఓడలు పంపండి దొరా' అంటున్నారమ్మా" అంది నీళ్ళు నములుతూ.

బూడిద లేదు. మీ అన్నయ్య లేడు. ఎలా ఉంటాడు? ఆ బాంబు ఎవరిది మరి, ఆ అమెరికావాళ్ళదే కదా!

నాలుగు తిట్లు తిడదామని లేచానా, "ఆగమ్మా" అని అది ఇంకోటి చెప్పింది. ముందు మన సినిమా కోసమే స్టూడియోకి వెళ్ళిందట. వేసవి సెలవుల్లో పిల్లల కోసం వేసే ఆటకి సినిమా పొడుగెక్కువైందని, మనవాళ్ళే రీలు కత్తిరించేశారట. నకలు తీసి కాదండీ, అసలుదాన్నే! పిల్లలకి జంతువు కావాలి గానీ జాలరి ఏడుపెందుకని. కోసిన ముక్కలు చెత్తలోకి.

అంటే ఏంటి? పరాయివాడు మీ గొంతు తీసేసి మొహమైనా ఉంచాడు. మనవాళ్ళు రెండూ పారేశారు. ఇప్పుడు నేనెవర్ని తిట్టాలి?

ఇంకో మాట. మిత్సుయెకి కూడా చెప్పలేదు. అందరూ వెళ్ళాక టేపు మళ్ళీ పెట్టుకున్నా. శబ్దం తీసేసి, మీ పెదాలు చూస్తూ మీ మాటలు నేనే పలుకుదామని. "తెల్లటి బూడిద" దాకా వచ్చింది. ఆ తర్వాత... ఎలా అనేవారండీ? పోనీ, పులుసులో ఉప్పెక్కువైందని రోజూ సాధించేవారే, అదైనా గుర్తు తెచ్చుకుందామంటే, పాడు, ఆ అమెరికావాడి గొంతే వస్తోంది! పాతికేళ్ళు కాపురం చేశాను. ఒక్క పూటలో వాడొచ్చి మీ చోట కూర్చున్నాడు.

బాగుంది లెండి. ఇదిగో, అన్నం పెట్టాను, పులుసు పెట్టాను, గంట కొట్టాను. ఉప్పెక్కువైందనైనా అనండి. ఇంగ్లీషులోనే అనండి, ఏం చేస్తాను.