మ్యాపులో గీయని దారి

"పక్కకి జరుగు తమ్ముడూ! రక్తం ఆగట్లేదు," అంటూ నర్సు లోపలికి పరుగెత్తింది.

2004. సౌదీలోని జిజాన్‌లో ఒక ఆసుపత్రి. యెమెన్ సరిహద్దు కంచెకు కొలతలు తీసిన సర్వేయరు కాన్పుల గది బయట నిలబడ్డాడు. లోపల నొప్పులు పడుతున్న అమ్మాయిని తన జీపులో తెచ్చింది అతనే. అరగంటకు నర్సు మళ్లీ బయటికి వచ్చింది.

"ఎలా ఉందక్కా?"

"తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారయ్యా. రెండు గంటలు ముందు తెచ్చుంటే బతికేవాళ్లు."

"ఆ పిల్ల అత్తారిల్లు కంచెకి అవతల. నాన్న మూసా ఇల్లు ఇవతల. మధ్యలో మేకల దారి, పావుగంట నడక. తాతలనాటి నుంచి పెళ్లికూతుళ్లయినా రోగులయినా ఆ దారినే వచ్చేవారు. ఇప్పుడు కొండ చుట్టూ ఆరుగంటలు మోసుకొచ్చి నా జీపెక్కించారు."

"దారి ఉన్నచోట గేటు పెడతారన్నావుగా?"

"మ్యాపులో ఉన్న దారులకే పెట్టారక్కా."

"మరి ఇది?"

"నేను గీయలేదు. గీస్తే సర్కారుకి తెలిసి మూసేస్తారని మూసా భయపడ్డాడు. కాఫీ పోసి, గడ్డం పట్టుకుని బతిమాలాడు. గేట్ల సంగతి అప్పటికి నాకూ తెలీదు."

"ప్రభువా! అంటే ముసలాయనే..."

"ఆ మాట ఆయన చెవిన పడనివ్వకక్కా, నీకు దణ్ణం పెడతాను."

"అదిగో, వస్తున్నాడు. తన దారి ఎవరు మూశారని కనపడ్డవాళ్లందర్నీ అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

"నువ్వుండు, నేను చెప్తాను. మూసా బాబా, ఇటు చూడు. నీ దారి మూసింది నేనే."